అద్దాలి, రుద్దకూడదు

పది నిమిషాలు. అంతకు మించితే నీళ్ళు కూడా పగవాళ్ళవుతాయని డాక్టరమ్మ చెప్పింది. ఇస్త్రీ పెద్దాయన చేతిగడియారం విప్పి, స్నానాల గది కిటికీ గట్టు మీద ముల్లు కనబడేలా నిలబెట్టాడు. తొట్టి నీళ్ళలో మోచెయ్యి ముంచి చూశాడు. వేడి తగలలేదు, చలి తగలలేదు. అలాగే ఉండాలి.

"దిగు," అన్నాడు మనవరాలితో.

నాలుగున్నరేళ్ళ పిల్ల. పేరు ఒకటి ఉంది గానీ ఇంట్లో అందరికీ ఉడుతే. ఉడుత ఒక కాలు పెట్టింది, పళ్ళు బిగించింది, రెండో కాలు పెట్టింది. మోకాళ్ళ వెనకా మోచేతి మడతల్లోనూ చర్మం ఎర్రగా చిట్లిపోయి ఉంది. మెడ చుట్టూ తాడు కట్టి విప్పినట్టు ఒక వలయం. నడుం చుట్టూ ఇంకొకటి. నీళ్ళు తగిలితే మండుతుంది. అయినా ఏడవలేదు. ఏడుస్తూ కూర్చుంటే పని ఇంకా సాగుతుందని దానికి ఈపాటికి తెలిసిపోయింది.

"మంటగా ఉందా?"

"కొంచెమే. నువ్వు లెక్కపెట్టు తాతా."

ఆయన లెక్కపెట్టాడు. ఇరవై దాటకముందే వీధి తలుపు చప్పుడైంది. అల్లుడు వచ్చాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటవాడు. పొద్దున్నే పోయి, రెండు పూటల వంట దించి, సాయంత్రానికి ఇంటికి చేరతాడు. అడుగుల చప్పుడు స్నానాల గది దాకా వచ్చింది.

"అక్కడే ఆగు," అన్నాడు పెద్దాయన, తల తిప్పకుండానే.

అల్లుడు గడప అవతల ఆగాడు. పదహారు రోజులుగా అక్కడే ఆగుతున్నాడు.

"చేతులు కడుక్కునే వచ్చాను మామయ్యగారూ."

"కడిగితే పోయే వాసనా అది? గంపెడు ఉల్లిపాయలు, శేరు కారం. ఆ చేతులతో ముట్టుకునే కదా దాన్ని ఈ గతికి తెచ్చావు."

"నాన్నా," అంది ఉడుత తొట్టిలోంచి, "నేను ఏడవలేదు."

"నా బంగారు తల్లివి," అన్నాడు అల్లుడు. ఈసారి మామగారి వీపుతో మాట్లాడాడు. "క్యాంటీన్ వెనక వీధిలో ఒక గది చూశాను. ఆదివారం పొద్దున మేం వెళ్ళిపోతున్నాం. మీ అమ్మాయికి చెప్పాను. మీకు కూడా చెప్తున్నాను."

పెద్దాయన గడియారం వంక చూశాడు. మూడో నిమిషం.

"ఎవరెవరు?"

"ముగ్గురం."

పదో నిమిషానికి పిల్లని పైకెత్తి, మెత్తటి పాత తువ్వాలు కప్పి, నీళ్ళని అద్దాడు. రుద్దలేదు. ఒక్కసారి కూడా రుద్దలేదు.

*

ఆయన భార్య పోయి ఆరేళ్ళయింది. ఆమెని ఆయన ఇంకా క్షమించలేదు. మూడు రోజుల జ్వరాన్ని ముడివేసి దాచుకుని, పండగ బట్టల రద్దీ తీరాక చెప్తానని నోరు మూసుకున్న మనిషిని ఆయన ఎలా క్షమిస్తాడు? ఆ మూడు రోజులూ పక్కనే నిలబడి కూడా కనిపెట్టలేని తనని క్షమించడం ఇంకా కష్టం. ఆ కోపానికి ఎక్కడో ఒకచోట దిగడానికి చోటు కావాలి. ఇన్నాళ్ళకి దానికి అల్లుడు దొరికాడు.

ఇంటి ముందు గదే లాండ్రీ. లోపల రెండు గదులు, వంటిల్లు, పెరట్లో ఉతుకు గట్టు. ముప్ఫై అయిదేళ్ళుగా ఆ వీధిలో చొక్కా కాలరు నిటారుగా నిలబడి ఉందంటే అది ఆయన బల్ల మీంచి లేచిందనే అర్థం. దానికి తోడు వాసన. పల్చటి గంజి నీళ్ళలో నాలుగు చుక్కలు పూల సెంటు కలిపి చిమ్మే సీసాలో పోసి ఉంచేవారు. పెళ్ళాం చిమ్మేది, ఆయన ఇస్త్రీ పెట్టె తోసేవాడు. ఆమె పోయాక రెండు పనులూ ఆయనకే పడ్డాయి.

ఉడుత ఒంటికి మొదట దద్దుర్లు లేచినప్పుడు వీధిలో ఎవరో గజ్జి అన్నారు. పెద్దాయన ఆ మనిషి బట్టలు మూటకట్టి గుమ్మం బయటికి విసిరేసి, మళ్ళీ నా కొట్టు మెట్లు ఎక్కొద్దన్నాడు. డాక్టరమ్మ చూసి ఎగ్జిమా అంది. అంటుకునేది కాదు, ఒక్క మందుతో పోయేది కాదు, రోజూ కాపలా కాయాల్సిన జబ్బు అంది. ఒక ట్యూబు మందు రాసిచ్చింది. ఒక డబ్బా జిడ్డు లేపనం ఇచ్చింది. స్నానం ఎలా, లేపనం ఎలా, గోళ్ళు ఎలా, బట్టలు ఎలా అన్నీ చెప్పింది. వాసన లేని సబ్బు, నూలు బట్టలు, రెండుసార్లు జాడించడం.

పెద్దాయన ఆ మాటలు ఒక్కటీ జారవిడవలేదు. రెండుసార్లు జాడించమంటే నాలుగుసార్లు జాడించాడు. ఉడుత బట్టలు ఖాతాదారుల బట్టల్లో కలవకుండా వేరే బకెట్టు, వేరే తీగ. ఎండలో ఆరేసి, మడత నలగకుండా తనే ఇస్త్రీ చేసేవాడు. ఇస్త్రీ తగలని గుడ్డ ఆ ఇంట్లో ఎవరి ఒంటి మీదకీ ఎక్కి ఎరగదు. వేడి తగిలితే పురుగూ పుట్రా చస్తుందని ఆయన నమ్మకం కూడా.

ఇంత చేసినా తగ్గలేదు. రెండు రోజులు నెమ్మదించేది, మూడో రోజు మళ్ళీ భగ్గుమనేది. తన పనిలో వంక లేదు. వంక లేనప్పుడు తప్పు ఎవరిదో ఒకరిది అయి తీరాలి. పెద్దాయన కళ్ళలో వత్తులు వేసుకుని వెతికాడు. అల్లుడి చేతులు కనబడ్డాయి. కారం, నూనె, ఉల్లి, వెల్లుల్లి. ఆ రోజు నుంచి తండ్రి బిడ్డని ముట్టుకోకూడదని తీర్పు చెప్పాడు.

కూతురు కాదనలేకపోయింది. బస్టాండులో టికెట్ కిటికీ వెనక రోజంతా జనంతో గొంతు చించుకుని వచ్చే మనిషి. ఇంటికి వచ్చాక ఇంకో పోట్లాటకి ఓపిక లేదు.

"ఒక వారం చూద్దామండీ," అంది మొగుడితో. వారం రెండు వారాలయింది.

*

గురువారం పొద్దున పక్క కొట్టు తాళాలాయన ఆకురాయితో తాళంచెవి అరగదీస్తూ కేకేశాడు.

"ఏమోయ్, ఆదివారం నీ కొట్టు ముందుకి బండి వస్తోందట. నీ అల్లుడు బండి తోలే మా వాడితో బేరమాడాడు."

"వస్తే రానీ."

"రానీ అంటే సరా? నీకు చొక్కాలు లొంగినంత తేలిగ్గా మనుషులు లొంగరయ్యా. కాస్త తడిపి చూడు."

"నీ తాళాలు చూసుకో."

"నాకేం, నా తాళాలు నాతో మాట్లాడవు. అందుకే సుఖంగా ఉన్నాను." తాళాలాయన చెవిని వెలుగులో పెట్టి చూసి, మళ్ళీ అరగదీశాడు. "పిల్లకి ఎలా ఉంది?"

"అలాగే."

"మరి వాడు ముట్టుకోవడం మానేసి రెండు వారాలు దాటిందిగా?"

పెద్దాయన ఇస్త్రీ పెట్టె కొంచెం గట్టిగానే దించాడు. ఆ ప్రశ్న మాత్రం చొక్కాలో మరిచిపోయిన గుండుసూదిలా ఆ రోజంతా ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం కూతురు పూట సెలవు పెట్టి వచ్చింది. ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఉడుతని బల్ల మీద కూర్చోబెట్టి, మెడ వలయాన్ని వేలు తగలకుండా చూసింది. నడుం చూసింది. తర్వాత పెద్దాయన వంక తిరిగింది.

"మందు రాస్తున్నారా, భయపడి దాచేస్తున్నారా?"

"రెండు పూటలా రాస్తున్నాను. వేలి చివరి కణుపంత. మీరు చెప్పినట్టే."

"స్నానం అయ్యాక లేపనం?"

"మూడు నిమిషాల్లోపల. ఒళ్ళు ఆరిపోకుండానే."

"బట్టలు?"

"అమ్మా, బట్టల సంగతి నన్ను అడక్కండి. అది నా వృత్తి."

డాక్టరమ్మ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకుంది. "చూడండి, మెడా నడుం మీది ఎరుపంతా బట్ట ఒరుసుకునే చోటే ఉంది. ఏదో తగులుతోంది. అది ఏమిటో మీరే ఇంట్లో పట్టుకోవాలి."

"తండ్రి వంటవాడు. కారం చేతులు. అందుకే దగ్గరికి రానివ్వడం లేదు."

"సబ్బుతో కడుక్కున్న చేతులకి ఏమీ కాదే. అందులోనూ ఆయన మెడ చుట్టూ, నడుం చుట్టూ గీత గీసినట్టు ముట్టుకోరు కదా?" ఆవిడ చీటీ రాస్తూ అంది. "పసుపుపచ్చగా నీరు కారినా, జ్వరం వచ్చినా ఒక్క పూట కూడా ఆగొద్దు. వెంటనే తీసుకురండి. అప్పుడిక ఇంటి వైద్యం చాలదు."

బయటికి వచ్చాక కూతురు పది అడుగులు నడిచింది. పదకొండో అడుగులో ఆగింది.

"విన్నావుగా నాన్నా."

"ఏం విన్నాను? అయి ఉండదు అంది. కాదు అనలేదు."

"నువ్వు అమ్మ విషయంలోనూ ఇంతే. ఆసుపత్రిలో చేర్చాక కూడా డాక్టరు ఒకటి చెప్తే నువ్వు ఒకటి విన్నావు."

ఆ మాట పెద్దాయనకి చెంప మీద తగిలినట్టే తగిలింది. పిల్లని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని ముందు నడిచాడు. వెనక నుంచి కూతురు నెమ్మదిగా అంది.

"నాకు ఆ గదికి పోవాలని లేదు. నువ్వు ఒక్కడివే అయిపోతావు. ఉడుతకి ఆదివారంలోపల కాస్త తగ్గుముఖం పడితే, నేను ఆయన కాళ్ళావేళ్ళా పడి ఆపుతాను. పడకపోతే నా చేతిలో ఏమీ లేదు."

శుక్రవారం సాయంత్రం అల్లుడు ఇంటికి వచ్చి, పెరట్లో కూర్చుని, బట్టల బ్రష్షుతో చేతులు రుద్దుకున్నాడు. గోళ్ళ సందులు రుద్దాడు. మణికట్టు దాటి మోచేతుల దాకా రుద్దాడు. సబ్బు మూడుసార్లు పట్టించాడు. ఎర్రబడ్డ ఆ చేతుల్ని చాచుకుని మామగారి ముందుకి వచ్చి నిలబడ్డాడు, బళ్ళో గోళ్ళు చూపించే పిల్లాడిలా. ముప్ఫై రెండేళ్ళ మగవాడు.

"చూడండి. కావాలంటే వాసన చూడండి."

పెద్దాయన ఆ చేతుల వంక చూశాడు. ఒక వేలి మీద కత్తి గాటు ఉంది. బొటనవేలి పక్కన నూనె కాలిన మచ్చ.

"నేను చూడాల్సింది పిల్ల ఒళ్ళు," అన్నాడు. "అది చల్లబడనీ."

"ఒక్క అయిదు నిమిషాలు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను."

"వద్దంటే వద్దు."

అల్లుడు చేతులు దించాడు. "మీకో మాట చెప్పనా మామయ్యగారూ? పిల్ల దగ్గర నా వాసన రావడం లేదు. మీ కొట్టు వాసన వస్తోంది."

"నా కొట్టులో తిరుగుతుంది. నా కొట్టు వాసన రాక నీ పోపు వాసన వస్తుందా?"

అల్లుడు లోపలికి వెళ్ళి, అల్మరా మీంచి పెట్టె దించాడు. బట్టలు సర్దుతున్న చప్పుడు చీకటి పడేదాకా వినబడుతూనే ఉంది.

*

శనివారం మధ్యాహ్నం కొట్టులో గిరాకీ పల్చబడింది. పెద్దాయన స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. ఉడుత బల్ల కింద తన కాపురం పెట్టుకుంది. గోకకుండా రెండు చేతులకీ నూలు తొడుగులు ఉన్నాయి. ఖాళీ అగ్గిపెట్టె ఒకటి సంపాదించింది. బొమ్మ గౌను విప్పి, నేల మీద పరిచి, అగ్గిపెట్టెతో ఇస్త్రీ చేస్తోంది.

పెద్దాయనకి నవ్వొచ్చింది. కాలరు దగ్గర మొదలుపెట్టింది. సరిగ్గా ఆయనలాగే. అంచు బిగబట్టి లాగింది. అదీ ఆయనలాగే. తర్వాత ఎడమ చెయ్యి పైకెత్తింది. గాలిలో దేన్నో పట్టుకున్నట్టు పట్టుకుని, పిడికిలి రెండుసార్లు నొక్కింది.

"ష్. ష్."

మళ్ళీ అగ్గిపెట్టె తోసింది. నడుం దగ్గరికి వచ్చింది. మళ్ళీ ఎడమ చెయ్యి. "ష్. ష్."

నీళ్ళ గ్లాసు పెద్దాయన మూతి దగ్గరే ఆగిపోయింది.

"అదేమిటే?"

"ఇస్త్రీ."

"ఆ ష్ ష్ ఏమిటి?"

"సెంటు నీళ్ళు."

"బొమ్మ గౌనుకి సెంటు నీళ్ళు ఎందుకూ?"

ఉడుత తలెత్తి చూసింది. ఇంత ముసలాయనకి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "నా గౌనుకి కొడతావుగా తాతా. మెడకి రెండు, నడుముకి రెండు."

"నేను కొట్టను. నీ బట్టలకి కొట్టను."

"కొడతావు," అంది ఉడుత. తగువు పెట్టుకోవడం కాదు, ఉన్న మాట చెప్పడం. మళ్ళీ పనిలో పడింది.

పెద్దాయన లేచాడు. పెరట్లో తీగ మీంచి ఉడుత గౌను ఒకటి తెచ్చాడు. ముక్కుకి ఆనించుకున్నాడు. ఏ వాసనా తగల్లేదు. తగిలినా తెలిసేది కాదు. ముప్ఫై అయిదేళ్ళ కొట్టు ఆయన ముక్కుని ఎప్పుడో చంపేసింది. గౌను బల్ల మీద పరిచాడు. పెట్టె అందుకున్నాడు. చూద్దాం, అనుకున్నాడు. ఊరికే చూద్దాం.

కాలరు. అంచు బిగబట్టాడు. పెట్టె తోశాడు. బట్ట వేడెక్కి, కొస దగ్గర చిన్న ముడత కనబడింది.

ఎడమ చెయ్యి కదిలింది.

ఆయన చెప్పలేదు. ఆయన అడగలేదు. బల్ల మూల ఎక్కడ సీసా ఉంటుందో దానికి తెలుసు. వెళ్ళి పట్టుకుంది, ఎత్తింది, నొక్కింది. రెండుసార్లు. సన్నటి తుంపర ఉడుత గౌను మెడ మీద పడి, పెట్టె కింద చుయ్యిమని ఆరిపోయింది.

పెద్దాయన పెట్టె నిలబెట్టాడు. సీసా ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఎవరో తన చేతిలో పెట్టి పారిపోయినట్టు చూశాడు. రోజుకి అరవై చొక్కాలు. ఆరేళ్ళు. పెళ్ళాం చేసే పని ఎడమ చెయ్యి నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే ఆయనకి చెప్పడం కూడా మానేసింది.

నాలుగుసార్లు జాడించిన బట్టలు. విడిగా ఉతికిన బట్టలు. విడి తీగ మీద ఆరిన బట్టలు. చివరికి బల్ల మీదకి తెచ్చి, గంజీ సెంటూ తనే పట్టించి, తనే పిల్ల మెడకి తొడిగాడు. పక్క దుప్పటికి కూడా. చేతి తొడుగులకి కూడా.

"ఉడుతా, ఇటు రా."

పిల్ల వచ్చింది. ఆయన దాని చేతి తొడుగులు ఊడదీశాడు. ఒంటి మీది గౌను విప్పేశాడు. ఉతికాక ఇస్త్రీ తగలని తన పాత బనీను ఒకటి కొట్టు మూల కట్టలో ఉంది, గుడ్డపీలికల కింద వాడుకోవడానికి మంచినీళ్ళలో జాడించి పెట్టినది. అది తొడిగాడు. పాదాల దాకా వచ్చింది.

"తాతా, కొట్టు బట్ట తొడిగావు, నేను ఖాతాదారునా?"

"నోరు మూసుకుని కూర్చో."

*

దుప్పట్లు, గౌనులు, లోపలి బట్టలు, తువ్వాలు, అన్నీ పోగేసి బకెట్లలో వేశాడు. ఉతుకు గట్టు దగ్గర చతికిలబడి ఒక్కొక్కటే పిండాడు. పిండుతూ లెక్క వేసుకున్నాడు.

ఎవరికీ తెలియదు. ఉడుత చెప్పినా ఎవరూ పట్టించుకోరు. ఈ బట్టలన్నీ మంచినీళ్ళలో తేల్చేసి, ఇస్త్రీ మానేస్తే చాలు. రేపు పొద్దుటికి ఎరుపు పోదు. కానీ పిల్ల ఈ రాత్రి కాస్త కంటినిండా పడుకోవచ్చు. ఆ పాటి చాలు కూతురికి, మొగుడి కాళ్ళావేళ్ళా పడడానికి. రెండు వారాల్లో ఒళ్ళు చల్లబడుతుంది. చూశావా, తండ్రి చేతులు దూరం పెడితే తగ్గింది అని ఊరంతా అంటుంది. తాళాలాయన కూడా అంటాడు. తన మాటే నిలబడుతుంది. ఇల్లు నిలబడుతుంది.

ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు.

కూతురు పనినుంచి వచ్చి, పెరట్లో బారులు తీరిన బట్టలు చూసింది. "ఇవన్నీ నిన్ననేగా ఉతికావు?"

"దుమ్ము పడింది."

కూతురు నమ్మింది. లోపలికి వెళ్ళి, ఉడుతని చూసి, ఆ బనీను చూసి నవ్వింది. ఆయన ఈ నాలుగు రోజుల్లో ఆ నవ్వు వినలేదు. అయినా నోరు మెదపలేదు.

అల్లుడు ఆరు గంటలకి వచ్చాడు. తలుపు చప్పుడు వినగానే ఉడుత బనీను ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. పెద్దాయన తడి చేతులతో వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. వద్దని కేకెయ్యబోయాడు, అలవాటుగా.

కేకెయ్యాల్సిన పని పడలేదు. తండ్రికి ఒక గజం దూరంలో పిల్ల తనంతట తనే ఆగిపోయింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. తండ్రి మోకాళ్ళ మీద కూర్చున్నాడు, అతను కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇద్దరికీ అది ఆటలా అలవాటైనట్టుంది.

"నాన్నా, నీ చేతులు ఇంకా చెడ్డవేనా?" అడిగింది ఉడుత.

"ఇంకా చెడ్డవేరా."

"ఎప్పుడు మంచివవుతాయి?"

"తాతని అడుగు."

పిల్ల వెనక్కి తిరిగి తాత వంక చూసింది. ఎగతాళి లేదు, నిష్ఠూరం లేదు. జవాబు కోసం చూసింది. అంతే. పెద్దాయన గుమ్మం చెక్క పట్టుకున్నాడు. తడి చేతి ముద్ర దాని మీద పడింది.

"మంచివే," అన్నాడు.

అల్లుడు తల తిప్పాడు.

"చెడ్డవి నీ చేతులు కావు," అన్నాడు పెద్దాయన. "నావి."

కూతురు లోపలి గదిలోంచి వచ్చి నిలబడింది. ఆయన చెప్పాడు. మూడు వాక్యాల్లో చెప్పాడు, నాలుగోది దొరకలేదు. ఇస్త్రీ చేసేటప్పుడు సెంటు గంజి నీళ్ళు కొడుతున్నాననీ, కొడుతున్నట్టు తనకే తెలియదనీ, ఈ మధ్యాహ్నం పిల్ల చెప్తేనే తెలిసిందనీ. క్షమించమని అనలేదు. ఆ మాట ఆయన ఎవరి దగ్గరా తీసుకున్నవాడు కాదు, ఎవరికీ ఇవ్వడం రాలేదు.

కూతురు ఆయన ఎడమ చేతి వంక చూసింది. చాలాసేపు చూసింది. "అది అమ్మ పని," అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు.

అల్లుడు మెల్లగా లేచి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాడు పెద్దాయన. అరిస్తే బాగుండేది.

"పంతొమ్మిది రోజులు, మామయ్యగారూ."

"తెలుసు."

"నిన్న బ్రష్షుతో రుద్దుకున్నాను. మీ ముందు చేతులు చాపాను."

"చూశాను."

"ఇప్పుడెందుకు చెప్తున్నారు? మమ్మల్ని ఆపడానికా? బండి మాట్లాడేశాను. పొద్దున ఏడింటికి వస్తుంది."

"రానీ. నువ్వు సర్దిన పెట్టె విప్పు. అందులో పిల్ల బట్టలన్నిటికీ ఆ నీళ్ళే పట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా ఒంటికి తగలకూడదు. రాత్రికే ఉతికేస్తాను. పొద్దుటికి తడిగా ఉంటే తడిగానే మూట కడతాను. అక్కడ ఆరేసుకోండి."

అల్లుడు కూతురి వంక చూశాడు. ఆమె కాళ్ళావేళ్ళా పడలేదు. గదిలోకి వెళ్ళి పెట్టె మూత తెరిచి, ఉడుత బట్టలన్నీ ఏరి, తెచ్చి పెద్దాయన చేతుల్లో పెట్టింది. పెట్టేటప్పుడు ఆయన మొహం వంక చూడలేదు. మిగతా బట్టల మీద మూత మళ్ళీ దించింది.

గోడ గడియారం ఆరున్నర చూపిస్తోంది. పిల్ల స్నానం వేళ. పెద్దాయన బట్టలు బకెట్టు మీద పెట్టి, అలవాటుగా స్నానాల గదివైపు అడుగు వేశాడు.

"మీరు వద్దు," అన్నాడు అల్లుడు.

చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. ఒక్కసారే. తీగ మీంచి ఉతికిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, ఉడుత ముందు వంగాడు. పిల్ల ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత మెడ చుట్టూ రెండు చేతులూ వేసి కరుచుకుపోయింది. అతను దాన్ని ఎత్తుకుని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

పెద్దాయన తలుపు బయట నిలబడ్డాడు. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు. ఉడుత ఏదో చెప్తోంది, తండ్రి ఏదో అంటున్నాడు, ఇద్దరూ నవ్వుతున్నారు. ఈ చెవులు ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆయన లెక్క వేసుకోలేదు. గడియారం చూస్తున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది.

"టైమయింది," అన్నాడు తలుపుతో.

నీళ్ళలోంచి పిల్లని ఎత్తిన చప్పుడు వినబడింది. తర్వాత తువ్వాలు చప్పుడు. సర్రు సర్రుమని. అంట్లు తుడిచే చేతులు అవి. తుడవడం ఒక్కటే తెలుసు.

"రుద్దకు. అద్దు."

తువ్వాలు ఆగింది. తర్వాత మెత్తగా, ఆగి ఆగి, గుడ్డ ఒంటికి ఆనుతున్న చప్పుడు.

"ఎర్రగా ఉన్నచోట మాత్రమే ముందు ట్యూబు మందు. వేలి చివరి కణుపంత చాలు, నీ రెండు అరచేతుల మేర చర్మానికి వస్తుంది. పల్చగా పొరలా పరుచుకోవాలి. భయపడి తక్కువ రాయకు. నయమవుతోంది కదా అని నీ అంతట నువ్వే మానెయ్యకు, డాక్టరమ్మని అడిగి మాను."

ట్యూబు మూత తిప్పిన చప్పుడు.

"ఆ పైన డబ్బాలో లేపనం. ఒళ్ళంతా. రోమాలు ఎటు వాలి ఉంటే అటే, పైనుంచి కిందికి. ఎదురు రాస్తే కుదుళ్ళలో చీము పడుతుంది. డబ్బాలో వేళ్ళు ముంచకు. చెంచాతో తీసుకో."

లోపల చెంచా డబ్బాకి తగిలి టక్కుమంది. ఉడుత చల్లగా ఉందని కిసుక్కుమంది.

పెద్దాయన ఆగాడు. చెప్పాల్సింది ఇంకా ఉంది. రాత్రి దురదపెడితే గోకనివ్వకుండా చల్లటి తడిగుడ్డ ఎలా వెయ్యాలో, చెమట పడితే ఏం చెయ్యాలో, గోళ్ళు ఎన్ని రోజులకోసారి తియ్యాలో. విన్నవాడు విన్నట్టు తెలియకుండా ఎంతసేపని చెప్తాడు? ఎప్పుడూ తలుపుకి ఇవతల నిలబడి మాట్లాడిన మనిషి కాడు. వెనక పెరట్లో కూతురు కుళాయి విప్పిన చప్పుడైంది. బకెట్టు నిండుతోంది. అక్కడ ఆయన పని ఆయన కోసం ఎదురుచూస్తోంది. కదలబోయాడు.

"తర్వాత?" అన్నాడు అల్లుడు లోపలనుంచి.

పెద్దాయన మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చాడు. మిగిలింది చెప్పడం మొదలుపెట్టాడు, ఒక్కొక్కటే, తొందర లేకుండా. తలుపు మాత్రం తెరుచుకోలేదు.